పాత గ్రాఫిక్స్ కార్డుల్లో ఏది తీసుకోవాలి? 1050 టీఐ, 1650, 1060, ఆర్ఎక్స్ 580

తమ్ముడూ, నువ్వు రాసింది మిగతావాళ్లకు కూడా అర్థం కావాలని ముందు ఒకసారి చెప్తాను. బెంగళూరు ఆఫీసుల నుంచి వచ్చే పాత బ్రాండెడ్ డెస్క్‌టాప్ ఒకటి మీ నాన్న కొనిచ్చారు. ఐ5-3470 ప్రాసెసర్, 8 జీబీ ర్యామ్ ఒకే స్టిక్, 275 వాట్ల ఎస్ఎంపీఎస్ (సిస్టంకు కరెంటు ఇచ్చే పెట్టె). నీ చేతిలో 8 వేలున్నాయి. ఆడేది వాలరెంట్, జీటీఏ 5. రెడ్ డెడ్ రిడెంప్షన్ 2 ఒక్కసారైనా పూర్తిచేయాలని ఆశ. సెకండ్ హ్యాండ్‌లో నాలుగు కార్డులు చూసి పెట్టుకున్నావు: జీటీఎక్స్ 1050 టీఐ 4,800కి, జీటీఎక్స్ 1650 7,000కి, జీటీఎక్స్ 1060 6 జీబీ 7,000కి, ఆర్ఎక్స్ 580 8 జీబీ 6,000కి. వీడియోల్లో అందరూ 580యే తీసుకోమంటున్నారు, తీసుకోనా అని అడిగావు.

నేను అనంతపురంలో పదిహేడేళ్లుగా కంప్యూటర్ సర్వీసు చేస్తున్నా. ఈ నాలుగు కార్డులూ నా టేబుల్ మీదికి ఎన్నిసార్లు వచ్చాయో లెక్క లేదు. నీకు నేను చెప్పేది 1650. దానికంటే 580 బలమైనదని తెలిసే చెప్తున్నాను.

బలాబలాల సంగతి ముందు చూద్దాం. 1050 టీఐ 2016 అక్టోబర్‌లో వచ్చింది, 768 కోర్లు. 1650 వచ్చింది 2019 ఏప్రిల్‌లో. కోర్లు 896 మాత్రమే అయినా లోపలి డిజైన్ కొత్తది కాబట్టి 1050 టీఐ కంటే సుమారు పాతిక శాతం ఎక్కువ ఫ్రేములు (సెకనుకు స్క్రీన్ మీద మారే బొమ్మలు) ఇస్తుంది. 1060 6 జీబీ 2016 జులైది, 1280 కోర్లు. ఆర్ఎక్స్ 580 2017 ఏప్రిల్‌ది, 2304 కోర్లు. ఎన్విడియా కోర్లనూ ఏఎండీ కోర్లనూ పక్కపక్కన పెట్టి లెక్కేయకు, అవి వేరు ఇవి వేరు. ఆటలో చూస్తే 1060, 580 దాదాపు సమానం. కొత్త ఆటల్లో, ముఖ్యంగా డైరెక్ట్ ఎక్స్ 12, వల్కన్ (ఆట కార్డుతో మాట్లాడే సాఫ్ట్‌వేర్లు) మీద నడిచేవాటిలో 580 కాస్త ముందుంటుంది. ఈ రెండూ 1650 కంటే ఆటను బట్టి పదిహేను నుంచి పాతిక శాతం పైన ఉంటాయి. 580కి 8 జీబీ మెమరీ ఉండటం కూడా పెద్ద లాభం. కాబట్టి ఆరు వేలకు 580 అంటే కాగితం మీద దానికి సాటి లేదు. వీడియోల్లో చెప్పింది అబద్ధం కాదు. వాళ్లు ఆ కార్డును కొత్త ప్రాసెసర్‌తో, 650 వాట్ల ఎస్ఎంపీఎస్‌తో, ఏసీ గదిలో నడిపి చూపిస్తారు. నీ కార్డు నడవాల్సింది నీ క్యాబినెట్‌లో, మే నెల అనంతపురంలో.

అసలు తేడా ఎస్ఎంపీఎస్ దగ్గర వస్తుంది. మదర్‌బోర్డు మీద కార్డు గుచ్చే స్లాట్ 75 వాట్ల వరకే కరెంటు ఇస్తుంది. 1050 టీఐ, 1650 కార్డుల్లో చాలావరకు ఆ 75 వాట్లతోనే సరిపెట్టుకుంటాయి, విడిగా వైరు అక్కర్లేదు. 1060కి 120 వాట్లు కావాలి, సిక్స్ పిన్ వైరు ఒకటి పెట్టాలి. 580కి 185 వాట్లు, ఎయిట్ పిన్ వైరు. నువ్వు పంపిన ఫొటో పెద్దది చేసి చూశాను. నీ ఎస్ఎంపీఎస్ నుంచి మదర్‌బోర్డుకు 24 పిన్ వైరు, ప్రాసెసర్‌కు నాలుగు పిన్నుల వైరు, హార్డ్ డిస్కులకు సాటా వైర్లు వస్తున్నాయి. గ్రాఫిక్స్ కార్డుకు పెట్టే వైరు అసలు లేదు.

ఇక్కడే చాలామంది పిల్లలు పొరపాటు చేస్తారు. సాటా వైరును సిక్స్ పిన్నుగా మార్చే అడాప్టర్ నూటయాభైకి దొరుకుతుంది. పోయిన ఏడాది ఇంజనీరింగ్ చదివే అబ్బాయి ఒకడు "అన్నా, ఆడేటప్పుడు ఏదో కాలిన వాసన వస్తోంది" అంటూ సీపీయూ మోసుకొచ్చాడు. మూత తీసి చూస్తే సాటా ప్లగ్గు నల్ల ప్లాస్టిక్ బెల్లం పాకంలా జారి, పిన్నుల చుట్టూ గడ్డకట్టి ఉంది. ఒక పిన్ను పక్కన ప్లాస్టిక్ గోధుమ రంగుకు తిరిగింది. లాగితే రాలేదు, కట్ చేసి తీయాల్సి వచ్చింది. కారణం చిన్న లెక్కే. సాటా ప్లగ్గులో 12 ఓల్టులకు మూడు పిన్నులుంటాయి, ఒక్కోటి ఒకటిన్నర ఆంపియర్లు మోస్తుంది. అంటే మొత్తం 54 వాట్లు. సిక్స్ పిన్ కోరేది 75, ఎయిట్ పిన్ కోరేది 150 వాట్ల దాకా. ఆ పిల్లవాడికి అడాప్టర్ అమ్మిన షాపువాళ్లు అందరూ ఇదే వాడతారని చెప్పారట. ఇల్లు అంటుకోకుండా బయటపడ్డాడు, అంతే చాలు. నువ్వు మాత్రం ఆ అడాప్టర్ జోలికి వెళ్లొద్దు.

మరి కొత్త ఎస్ఎంపీఎస్ వేసుకుంటే? వేసుకోవచ్చు. పేరున్న కంపెనీది 450 వాట్లది కొత్తగా తీసుకుంటే రెండున్నర నుంచి మూడు వేల దాకా అవుతుంది. నీకు 24 పిన్ వైరే ఉంది కాబట్టి మామూలు ఎస్ఎంపీఎస్ సరిపోతుంది. కొన్ని బ్రాండెడ్ డెస్క్‌టాప్‌లలో 24 పిన్నుకు బదులు వాళ్ల సొంత ప్లగ్గు ఉంటుంది, వాటికి ఇంకో తంటా. కానీ లెక్క చూడు: 580 ఆరు వేలు, ఎస్ఎంపీఎస్ మూడు వేలు, మొత్తం తొమ్మిది. నీ 8 వేలు దాటిపోయింది. 1060 అయితే పది వేలు. ఏడెనిమిది వందలకు దొరికే "500 వాట్ల" ఎస్ఎంపీఎస్‌తో సర్దుకుందామని అనుకోకు. దాని పక్కన అంటించిన స్టిక్కర్ మీద 12 ఓల్టుల గడిలో ఎన్ని ఆంపియర్లు రాశారో చూసి 12తో హెచ్చించు. 16 అని ఉంటే 192 వాట్లు. 185 వాట్ల కార్డునూ 77 వాట్ల ప్రాసెసర్‌నూ అది మోయలేదు.

రెండోది నీ ప్రాసెసర్. ఐ5-3470 2012 నాటిది, నాలుగు కోర్లు, నాలుగు త్రెడ్లు. వాలరెంట్ గ్రాఫిక్స్ కార్డు మీద పెద్దగా బరువు పెట్టదు, ప్రాసెసర్ మీదే నడుస్తుంది. 1650 పెట్టినా 580 పెట్టినా నీ స్క్రీన్ మీద ఎఫ్‌పీఎస్ (సెకనుకు ఫ్రేములు) దాదాపు ఒక్కటే. జీటీఏ 5 పాత వెర్షన్, అంటే 2015లో పీసీకి వచ్చింది, అది కూడా సిటీలో వేగంగా బండి నడిపేటప్పుడు ప్రాసెసర్‌నే పిండుతుంది. పైగా అది డైరెక్ట్ ఎక్స్ 11 ఆట. డైరెక్ట్ ఎక్స్ 11లో ఏఎండీ పాత కార్డుల డ్రైవర్ ప్రాసెసర్ మీద ఎక్కువ పని వేస్తుంది. బలమైన ప్రాసెసర్ ఉంటే ఆ తేడా కనపడదు. మూడో తరం ఐ5 మీద కనపడుతుంది. 580కి ఉన్న అదనపు బలం నీ మూడు ఆటల్లో ఒక్క రెడ్ డెడ్ దగ్గరే పనికొస్తుంది.

రెడ్ డెడ్ సంగతి ఉన్నదున్నట్టు చెప్తాను. ఆట తయారుచేసినవాళ్లు కనీసం జీటీఎక్స్ 770 ఉండాలన్నారు, హాయిగా ఆడాలంటే 1060 6 జీబీ అన్నారు. 1650 ఈ రెంటికీ మధ్యలో ఉంటుంది. 1080పీలో కొన్ని లో, కొన్ని మీడియం పెట్టుకుంటే 40 ఫ్రేముల చుట్టూ ఆడుతుంది. టెక్స్చర్లు హైలో పెట్టుకో, వాటిని మరీ తగ్గిస్తే ఆట అందమంతా పోతుంది. నీళ్లు, నీడలు, వాల్యూమెట్రిక్ లైటింగ్ తగ్గించు, బరువంతా వాటి దగ్గరే ఉంది. 2022లో ఈ ఆటకు ఎఫ్ఎస్ఆర్ 2 (బొమ్మను చిన్న సైజులో గీసి పెద్దది చేసే పద్ధతి) కూడా ఇచ్చారు, క్వాలిటీలో పెట్టుకుంటే ఇంకొన్ని ఫ్రేములు వస్తాయి. సెయింట్ డెనిస్ ఊళ్లోకి వెళ్లినప్పుడు మాత్రం నీ ప్రాసెసర్ ఆయాసపడుతుంది. అక్కడ 580 ఉన్నా అంతే. ర్యామ్ 8 జీబీ కనీసం, 12 ఉంటే మంచిదన్నారు. అందుకే 1650కి ఏడు వేలు పోగా మిగిలే వెయ్యితో పాత డీడీఆర్3 స్టిక్ ఒకటి కొని రెండో స్లాట్‌లో వేయమంటున్నా. ర్యామ్ డ్యూయల్ చానెల్‌లోకి వస్తుంది, అంటే రెండు స్టిక్‌లూ ఒకేసారి పనిచేస్తాయి, ఆట మధ్యలో ఆగి ఆగి నడవడం తగ్గుతుంది. బయట వాళ్లు దీన్ని పట్టించుకోరు గానీ ఈ తరం ప్రాసెసర్లకు ఇది బాగా పనిచేస్తుందని నేను ఎన్నో సిస్టంలలో చూశాను.

ఇప్పుడు ఎండ గురించి. బయట ఊళ్లవాళ్లు రాసే పోలికల్లో ఇది ఉండదు, మనకు మాత్రం ఇదే ముఖ్యం. మే నెలలో మన దగ్గర 40 దాటుతుంది. రేకుల ఇల్లు గానీ, పైన కడప బండలు పరిచిన మిద్దె గానీ అయితే రాత్రి తొమ్మిదికి కూడా గది చల్లబడదు. కార్డు ఫ్యాను చల్లటి గాలిని ఎక్కడి నుంచీ తేలేదు, గదిలో ఉన్న గాలినే తిప్పుతుంది. గది 25 డిగ్రీలున్నప్పుడు 70లో నడిచే కార్డు, గది 40 ఉంటే 85కి వెళ్తుంది. 1060 లాంటి పాస్కల్ తరం కార్డులు 83 డిగ్రీల దగ్గర తమంతట తామే వేగం తగ్గించుకుంటాయి. అంటే డబ్బు పోసి కొన్న ఆ అదనపు బలం ఎండాకాలంలో కొంత చేతికి రాదు. 75 వాట్ల కార్డుకూ 185 వాట్ల కార్డుకూ మధ్య 110 వాట్ల తేడా ఉంది. అదంతా వేడిగా మారి, ఆఫీసు వాడకానికి చేసిన ఆ ఇరుకు క్యాబినెట్‌లోనే, నీ గదిలోనే తిరుగుతుంది. రోజుకు నాలుగు గంటలు ఆడితే నెలకు 13 యూనిట్ల కరెంటు కూడా.

వేడికి తోడు మన ఎర్రమట్టి దుమ్ము. వేరుశనగ కోతల కాలంలో పల్లెల నుంచి వచ్చే సీపీయూలు విప్పితే ఆ పొట్టు ధూళి ఫ్యాన్ల నిండా ఉంటుంది. రెండు నెలల కిందట ఒక 580 వచ్చింది, ఆడటం మొదలుపెట్టిన పది నిమిషాలకు స్క్రీన్ నల్లబడుతోందని. ఫ్యాన్లు తీస్తే కింద హీట్‌సింక్ కనపడలేదు. ఎర్రటి దుమ్ము దుప్పటి ముక్కలా పేరుకుపోయి, గోటితో పట్టి లాగితే ఒకే పొరగా ఊడొచ్చింది. చిప్పు వేడిని హీట్‌సింక్‌కు పంపే థర్మల్ పేస్ట్ ఎండిన సున్నంలా పెళ్లలు రాలింది. బ్రష్షుతో, బ్లోయర్‌తో శుభ్రం చేసి కొత్త పేస్ట్ వేశాక అదే ఆటలో 91 నుంచి 74 డిగ్రీలకు దిగింది. నువ్వు ఏ పాత కార్డు కొన్నా సరే, ఇంటికి తెచ్చిన వారంలోపు పేస్ట్ మార్పించు. ఇది ఖర్చు అనుకోకు, కార్డు ధరలో భాగం అనుకో.

కరెంటు పోవడం ఇంకొకటి. ఇళ్లలో ఉండే 600 వీఏ యూపీఎస్ 360 వాట్ల లోపే మోస్తుంది, బ్యాటరీ పాతబడితే అంత కూడా రాదు. 580తో ఆట మధ్యలో కరెంటు పోతే యూపీఎస్ కీచుమని అరిచి సిస్టంతో పాటు ఆరిపోతుంది. 1650 సిస్టం అయితే సేవ్ చేసుకుని ఆపేంత సమయం దొరుకుతుంది.

కొనేటప్పుడు మోసపోయే దారులు చాలా ఉన్నాయి. నువ్వు చూసిన కార్డుల్లో ఏది నిజమైనదో ఫొటో చూసి చెప్పలేను, కానీ ఎలా పట్టుకోవాలో చెప్తాను.

580ల్లో ఎక్కువ భాగం మైనింగ్ (క్రిప్టో నాణేల కోసం కార్డును రాత్రింబవళ్లు నడపడం) నుంచి వచ్చినవి. 2022 సెప్టెంబర్ 15న ఎథీరియం మైనింగ్ ఆగిపోయాక అవన్నీ మార్కెట్ మీద పడ్డాయి, ధర అందుకే దిగింది. మైనింగ్ చేసినంత మాత్రాన కార్డు చెడ్డదని నేను అనను. ఒకే వేడిలో నిలకడగా నడిచిన కార్డు కొన్నిసార్లు బాగానే ఉంటుంది. పోయేవి ఫ్యాన్లు, మెమరీ చిప్పుల మీది ప్యాడ్లు. ఫ్యానును వేలితో మెల్లగా కదిపి చూడు, అటూఇటూ ఊగితే బేరింగ్ అయిపోయినట్టే. కార్డు వెనక నూనె మరకలుంటే ప్యాడ్ల నుంచి కారిన నూనె అది. స్క్రూలు, స్టీలు పట్టీ తుప్పు పట్టి ఉంటే ఆ కార్డు తేమ ఎక్కువున్న చోట ఏళ్లు గడిపిందని అర్థం, మన పొడి గాలిలో అలా పట్టదు. చిప్పు చుట్టూ జిగటగా మెరిసే ఫ్లక్స్ (సోల్డరింగ్‌కు వాడే పదార్థం) కనపడితే హీట్ గన్‌తో బతికించిన కార్డు అది. ఎంత తక్కువకిచ్చినా వద్దు. అలాంటివి ఒకట్రెండు నెలలు నడిచి చచ్చిపోతాయి, మళ్లీ నా దగ్గరికే వస్తాయి. అప్పుడు ఆ పిల్లల ముఖాలు చూడటం నాకు చాలా కష్టంగా ఉంటుంది.

580 పేరుతో రెండు రకాలున్నాయని కూడా తెలుసుకో. చైనా మార్కెట్ కోసం 2018లో వచ్చిన 2048 కోర్ల 580 నిజానికి 570తో సమానం. జీపీయూ-జెడ్ అనే చిన్న ఉచిత సాఫ్ట్‌వేర్‌లో షేడర్స్ అనే గడిలో 2304 ఉందో 2048 ఉందో కనపడుతుంది. 1060లోనూ ఇదే చిక్కు: 3 జీబీ రకం మెమరీలో సగమే కాదు, కోర్లూ తక్కువే, 1152. పేరొక్కటే చూసి డబ్బు ఇవ్వకు. 1050 టీఐలో అయితే ఏకంగా దొంగ కార్డులే తిరుగుతున్నాయి. ఎప్పటిదో పాత చిప్పుకు బయాస్ (కార్డులోని మూల ప్రోగ్రాం) మార్చి 1050 టీఐ అని చూపిస్తారు. దాన్ని జీపీయూ-జెడ్ పట్టుకుని పేరు ముందు ఫేక్ అని చూపిస్తుంది. వెనక నీలం రంగు వీజీఏ పోర్టు ఉన్న 1050 టీఐ కనపడితే గట్టిగా అనుమానించు, ఆ తరం చిప్పుల్లో వీజీఏ సిగ్నల్ ఇచ్చే ఏర్పాటే లేదు.

1650లో చూసుకోవాల్సింది మెమరీ రకం. మొదట వచ్చినది జీడీడీఆర్5, 2020లో వచ్చినది జీడీడీఆర్6. రెండోది కొద్దిగా వేగం. అదే ధరకు దొరికితే అదే తీసుకో, దాని కోసం ఐదారు వందలు ఎక్కువ పెట్టాల్సిన పనిలేదు. సిక్స్ పిన్ సాకెట్ ఉన్న 1650లు కూడా కొన్ని ఉన్నాయి. నీకు సాకెట్ లేనిదే కావాలి, కార్డు పై అంచు ఫొటో అడిగి చూసుకో.

డ్రైవర్ల విషయంలోనూ 1650కే మొగ్గు. 1050 టీఐ, 1060 లాంటి పాస్కల్ కార్డులకు కొత్త గేమ్ డ్రైవర్లు 2025 అక్టోబర్‌తో ఆగిపోయాయి, ఇక సెక్యూరిటీ అప్‌డేట్లే. 580ని ఏఎండీ 2023లోనే కొత్త కార్డుల డ్రైవర్ నుంచి విడదీసింది. 1650 ట్యూరింగ్ తరానిది, ఆ తరం ఇంకా ప్రధాన డ్రైవర్‌లోనే ఉంది.

ఆర్ఎక్స్ 6400 గురించి ఎవరైనా చెప్తే, అది కూడా వైరు అక్కర్లేని కార్డే గానీ స్లాట్‌లో నాలుగు లేన్లే (డేటా వెళ్లే దారులు) వాడుకుంటుంది. కొత్త బోర్డుల కోసం చేసింది. నీ పాత బోర్డు మీద వేగం బాగా పడిపోతుంది.

ఏడాదిలోపు మొత్తం సిస్టం మారుస్తానని నీకు గట్టి నమ్మకం ఉంటే నా మాట మారుతుంది. అప్పుడు ఇప్పుడే మంచి ఎస్ఎంపీఎస్ కొని, ఇంకో వెయ్యి, రెండు వేలు కూడబెట్టి 580 తీసుకో. అది కొత్త సిస్టంలోకి కూడా వస్తుంది. తీసుకుంటే ఏఎండీ సాఫ్ట్‌వేర్‌లో ఓల్టేజీ కొద్దిగా తగ్గించి నడుపు, వేగం పోకుండా వేడి తగ్గుతుంది. ఎలాగో అప్పుడు అడుగు, చెప్తాను. 1660 సూపర్ చేతికందే ధరలో దొరికితే ఈ నాలుగింటినీ మరిచిపోయి అదే కొను.

కార్డు కోసం బెంగళూరు ఎస్పీ రోడ్డుకే వెళ్తానంటున్నావు కాబట్టి పొద్దున బండికే పో, సాయంత్రం షాపులు మూసే హడావుడిలో ఎవరూ టెస్ట్ చేయనివ్వరు. పెన్‌డ్రైవ్‌లో జీపీయూ-జెడ్, హెవెన్ బెంచ్‌మార్క్ (కార్డును గట్టిగా నడిపి పరీక్షించే సాఫ్ట్‌వేర్) వేసుకెళ్లు. వాళ్ల సిస్టంలోనే కార్డు పెట్టించి హెవెన్ కనీసం ఇరవై నిమిషాలు నడిపించు. స్క్రీన్ మీద చుక్కలు, గీతలు వస్తున్నాయా, ఎన్ని డిగ్రీల దగ్గర నిలబడుతోంది, వెనక ఉన్న పోర్టులన్నీ పనిచేస్తున్నాయా చూడు. టెస్టింగ్ వారంటీ ఎన్ని రోజులో బిల్లు మీద రాయించుకో, నోటి మాట వద్దు. బయల్దేరే ముందు క్యాబినెట్ మూత తీసి, స్లాట్ దగ్గర్నుంచి ముందు వైపు హార్డ్ డిస్క్ స్టాండ్ వరకు ఎన్ని అంగుళాలుందో టేపుతో కొలిచి రాసుకో. కార్డు పెట్టే ముందే బోర్డు బయాస్ అప్‌డేట్ చేసుకో, ఇంత పాత బోర్డుల్లో కొన్ని 1650 పెడితే నల్ల స్క్రీన్ చూపించి ఆగిపోతాయి. మానిటర్‌కు వీజీఏ ఒక్కటే ఉంటే హెచ్‌డీఎంఐ నుంచి వీజీఏకి మార్చే యాక్టివ్ కన్వర్టర్ కూడా అక్కడే తెచ్చుకో. షాపులో కార్డు నడుస్తుండగా జీపీయూ-జెడ్ స్క్రీన్ ఫొటో తీసి నాకు పంపు. డబ్బు ఇచ్చేలోపు చూసి చెప్తాను.